తోక పురాణం

కుక్కతోక వంకర అన్న సామెతను పుట్టించిన మహానుభావుడెవరో గాని, తోకతో సహా ఉన్న కుక్కను చూసినవాడే అయివుండాలి. ఎన్నాళ్ళు గొట్టంలో పెట్టి ఉంచినా అది మళ్ళీ వంకరే తిరుగుతుందని చెప్పాడంటే, పాపం, పెట్టి చూశాడన్నమాట. మరొకాయన కుక్కతోక పట్టుకుని గోదారి ఈదబోయాడు. ఆయనకూ పట్టుకోవడానికి తోకంటూ ఒకటి దొరికింది. తోకను తిన్నగా చేద్దామనో, దాని ఆసరాతో ఒడ్డెక్కుదామనో చూశారే తప్ప, ‘ఇదెందుకూ, కోసి పారేస్తే పోలా!’ అని ఈ సామెతల వాళ్ళెవరికీ తోచినట్టు లేదు. తోచినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు తోచి ఊరుకోలేదు. ఏ కుక్కకు ఎన్ని అంగుళాలు ఉంచాలో, ఎన్నో కణుపు దగ్గర కొయ్యాలో రూల్సు రాసి అచ్చు వేయించారు.

ఈ గొడవ నా నెత్తిమీదికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మొన్న దసరాకి మా మేనల్లుడు ఒక డాబర్‌మన్ పిల్లను కొనుక్కొచ్చాడు. మూడు నెలల కూన. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతూ, కళ్ళపైన రెండు గోధుమరంగు బొట్లతో ముచ్చటగా ఉంది. వెనకాల జానెడు తోక. వచ్చిన గంటలోపల మా చెల్లెలి కాఫీ గ్లాసు టీపాయి మీదనుంచి ఆ తోకదెబ్బకే కిందపడింది. మర్నాడు మావాడి స్నేహితుడొకాయన వచ్చాడు. కుక్కల విషయంలో తలపండినవాడట. చూడగానే పెదవి విరిచాడు.

“తోకున్న డాబర్‌మన్ ఏమిటండీ! పుట్టిన నాలుగో రోజునే కోయించాల్సింది. ఇప్పటికైనా మించిపోలేదు, మత్తిచ్చి కోసేస్తారు. స్టాండర్డు అంటూ ఒకటి ఏడిసింది కదా!” అన్నాడు.

మా మేనల్లుడి కూతురు, ఏడేళ్ళది, ఆ మాట వినగానే వెళ్ళి కుక్కతోకను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. చివరికి మావాడు నావైపు తిరిగి, “మావయ్యా, నువ్వు పుస్తకాలు తిరగేసే మనిషివి. ఆ స్టాండర్డేమిటో, తోక కొయ్యమని ఎవరు చెప్పారో చూసి చెప్పు. నువ్వెలా అంటే అలా,” అన్నాడు.

ఒక ప్రాణి తోక మన తీర్పు మీద వేలాడుతోందంటే భయం వెయ్యదూ? అందుకని నెల్లాళ్ళు అదే పనిగా చదివాను. చదివినకొద్దీ తోకంత చిన్న వస్తువు వెనకాల ఇంత చరిత్ర ఉందా అని ఆశ్చర్యం వేసింది.

తోక కోసిన కుక్కల్లో చరిత్రకెక్కిన మొదటిది బహుశా ఆల్సిబియాడిస్ గారి కుక్క. ఈయన క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్సులో రాజకీయాలు నడిపినవాడు. 70 మీనాలు, అంటే ఆ రోజుల్లో పెద్ద సొమ్మే, పోసి కొన్న అందమైన కుక్కకు, దాని అందమంతా ఎందులో ఉందో ఆ తోకను కాస్తా కోయించేశాడట. ఊరంతా తిట్టిపోస్తున్నారయ్యా అని స్నేహితులు చెబితే నవ్వి, తనక్కావలసిందీ అదేననీ, దాని గురించి మాట్లాడుకుంటున్నంతసేపూ తన గురించి ఇంతకన్నా చెడ్డ మాటలు మాట్లాడుకోరనీ అన్నాడని ప్లూటార్కు రాశాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. జనం దృష్టి మళ్ళించడానికి నోరులేనిదాని తోక కొయ్యడమనే విద్య అంత పాతదన్నమాట.

ఆయన తరవాత నాలుగైదు వందల ఏళ్ళకు రోమన్ కాలంలో కొలుమెల్లా అనే ఆయన వచ్చాడు. స్పెయిన్‌లో ఇప్పుడు కాదిజ్ అంటున్న ఊరు ఆయనది. వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాశాడు. భూమి, విత్తనం, ద్రాక్ష, పశువులు అన్నీ చెప్పి, కాపలా కుక్కల దగ్గరికి వచ్చేసరికి ఒక చికిత్స చెప్పాడు. కూన పుట్టిన 40 రోజుల తరవాత, దాని వెన్ను పొడుగునా పాకి తోక కొసదాకా వచ్చే నరాన్ని పళ్ళతో కరిచి పట్టుకుని, కాస్త బయటికి లాగి తెంపెయ్యాలట. అలాచేస్తే తోక అసహ్యంగా పొడుగెదగదు, పైగా పిచ్చి కూడా రాదని చాలామంది గొర్రెలకాపరులు చెబుతారు అన్నాడు. పళ్ళతో అని నేను కల్పించడం లేదండీ, ఆయనే రాశాడు.

కుక్కపిచ్చి చొంగలో ఉంటుంది గాని తోకలో ఉండదని ఇవాళ పిల్లలకు కూడా తెలుసు. 1885లో పాశ్చర్ టీకా వేసి ఒక కుర్రవాణ్ణి బతికించేదాకా పిచ్చికుక్క కరిచిన మనిషికి దిక్కు లేదు. అంత భయంకరమైన జబ్బుకు ఎవరు ఏ మందు చెప్పినా చెయ్యాలనిపిస్తుంది. అందుకని ఆ గొర్రెలకాపరులను నేను తప్పు పట్టను. తప్పెక్కడుందంటే, మందు పనిచెయ్యదని తెలిసిపోయాక కూడా కత్తి మాత్రం ఆగకపోవడంలో ఉంది. కారణం చచ్చిపోయింది, ఆచారం బతికింది. మనకు మాత్రం ఇలాంటివి ఇళ్ళల్లో తక్కువా?

కుక్క ఒంటిమీద చట్టం రాయడంలో ఇంగ్లండువాళ్ళు మొదటినుంచీ సిద్ధహస్తులు. రాజుగారి వేట అడవుల చుట్టుపక్కల ఉండే రైతులు పెద్ద కుక్కల్ని పెంచితే, అవి జింకల్ని తరమకుండా ముందుకాలి గోళ్ళు మూడు నరికేసేవారు. 1217లో వచ్చిన అడవుల శాసనం దీనికి పద్ధతులు ఏర్పాటు చేసింది. మూడేళ్ళకోసారి తనిఖీ జరగాలి. గోళ్ళు తియ్యని కుక్క కనిపిస్తే యజమానికి 3 షిల్లింగులు జరిమానా. అదైనా రాజుగారి దౌర్జన్యాన్ని కాస్త తగ్గించడానికి వచ్చిన శాసనమే సుమండీ!

తోక సంగతికి వస్తే, 1796లో జాన్ డెంట్ అనే పార్లమెంటు సభ్యుడు కుక్కలమీద పన్ను వెయ్యాలని పట్టుబట్టాడు. పన్ను పడింది. ఆ పుణ్యానికి ఆయన పేరు ‘డాగ్ డెంట్’గా స్థిరపడిపోయింది. ఈ కుక్కపన్ను చుట్టూ ఒక కథ అల్లుకుంది. మందల్ని తోలే పనికుక్కకు పన్ను లేదనీ, ఇది పనికుక్క అని తెలియడానికి గుర్తుగా తోక కోసేవారనీ సీమ కుక్కల పుస్తకాలన్నీ చెబుతాయి. మొండితోక గొర్రెల కుక్కలకు ‘బాబ్‌టెయిల్’ అన్న పేరు స్థిరపడ్డ వైనం కూడా ఇలాగే చెబుతారు. ఇంగ్లీషులో తగ్గించడం, కత్తిరించడం అన్న అర్థంలో మనం రోజూ వాడే ‘కర్టెయిల్’ మాట కూడా తోక కోసిన కుక్కలోంచే వచ్చిందని కొందరు చెప్పుకుంటారు గాని, నిఘంటువులు ఒప్పుకోవు. అది తోక కోసిన గుర్రాన్ని చెప్పే ‘కర్టల్’ అన్న పాతమాట. వినేవాళ్ళే దాని చివర తోక తగిలించారు. కుక్కలకు తోకలు కోస్తూ మాటలకు తోకలు అతికించారన్నమాట.

ఇంతవరకూ జరిగినదంతా ఆచారం. ఎవడి కుక్క వాడిది, ఎవడి కత్తి వాడిది. ఆచారం రూలుగా మారింది 19వ శతాబ్దంలో. 1859 జూన్‌లో న్యూకాజిల్‌లో కుక్కల ప్రదర్శన పెట్టారు. పాయింటర్లు, సెట్టర్లు అనే వేటకుక్కలే అందులో పోటీకి నిలిచాయి. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్బు వెలిసింది. 1884లో అమెరికావాళ్ళు తమ క్లబ్బు పెట్టుకున్నారు. 1911లో యూరపులో అయిదు దేశాలవాళ్ళు కలిసి ఒక అంతర్జాతీయ సమాఖ్య కట్టుకున్నారు. పోటీ అన్నాక జడ్జీ ఉండాలి, జడ్జీ అన్నాక కొలబద్ద ఉండాలి. ఆ కొలబద్దే మావాడి స్నేహితుడు చెప్పిన స్టాండర్డు. ఫలానా జాతి కుక్కకు తల ఇలా ఉండాలి, పళ్ళు ఇలా కలవాలి, ఛాతీ ఇంత లోతుండాలి అని రాసిపెట్టిన లక్షణపత్రం.

ఇది మనకు కొత్తేమీ కాదు. అశ్వలక్షణాలు, గజలక్షణాలు మన పెద్దవాళ్ళు ఏనాడో రాశారు. కోడిపందేలవాళ్ళకు కుక్కుటశాస్త్రం ఉండనే ఉంది. ఒంగోలు గిత్తను కొనేవాడు మూపురం చూస్తాడు, గంగడోలు చూస్తాడు, సుళ్ళు చూస్తాడు, తోక ఎత్తి నల్లటి కుచ్చు ఎంత కిందికి దిగిందో చూస్తాడు. అయితే ఒక తేడా ఉంది. లక్షణం అంటే పుట్టుకతో వచ్చేది. పుట్టుకతో వచ్చినదాన్ని తీసెయ్యడం కూడా లక్షణమే అని రాసింది మాత్రం ఈ కుక్కల పత్రాల్లోనే చూశాను. పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లకు ముక్కు కోటేరులా ఉండాలి, చెవులు శ్రీకారాల్లా ఉండాలి, చిటికెనవేలు మాత్రం తీసేసి ఉండాలి అన్నట్టు!

పోనీ ఎంత కొయ్యాలన్నదైనా ఒకటిగా ఉందా అంటే అదీ లేదు. దర్జీవాడి నోటుబుక్కులా ఒక్కో జాతికీ ఒక్కో కొలత. అమెరికా క్లబ్బు పత్రాల్లో డాబర్‌మన్‌కి సుమారు రెండో కణుపు దగ్గర కొయ్యాలి. రాట్‌వైలర్‌కి ఒకటో రెండో ఎముకలు మాత్రమే మిగలాలి. పెంబ్రోక్ కోర్గీకి ఒంటికి ఆనించి కొయ్యాలి, అలాగని గుంట పడకూడదు. విజ్లాకి మూడోవంతు తియ్యాలి. జర్మన్ పాయింటర్‌కి నూటికి 40 పాళ్ళు ఉంచాలి. వైమరానర్‌కి పెద్దయ్యాక చూసుకుంటే 6 అంగుళాలు తేలాలి. నాలుగు రోజుల గుడ్డుకు ఎక్కడ కోస్తే రెండేళ్ళకు 6 అంగుళాలవుతుందో లెక్క కట్టడం సామాన్యమా? బొరియల్లో దూరి నక్కల్ని తరిమే టెర్రియర్ జాతులకు మాత్రం గుప్పెటకు అందేంత తోక ఉంచేవారు. బొరియలో ఇరుక్కున్నప్పుడు చెంబు చెవి పట్టుకున్నట్టు పట్టుకుని బయటికి లాగడానికి!

డాబర్‌మన్ సంగతి మరీ చిత్రం. జర్మనీలో తురింజియా ప్రాంతపు అపోల్డా ఊళ్ళో కార్ల్ ఫ్రీడ్రిక్ లూయీ డాబర్‌మన్ అని ఒకాయన ఉండేవాడు. 1894లో పోయాడు. ఆయన ఉద్యోగం పన్నుల వసూలు. పన్నులు వసూలు చెయ్యడానికి వెళ్ళేవాడికి వెంట గట్టి కుక్క ఉంటే మంచిది కదా అని ఆ జాతిని తయారుచేసుకున్నాడు. పన్ను తప్పించుకోవడానికి తోక కోసేవారన్న కథ ఒకపక్కనా, పన్ను వసూలు చేసేవాడు తయారుచేసిన కుక్కకే తోక కొయ్యడం ఇంకొకపక్కనా!

కొయ్యడానికి కారణాలు లేకపోలేదు. పొదల్లో పడి పరుగెత్తే వేటకుక్కకు తోక ముళ్ళకు తగిలి చీరుకుపోతుందంటారు. కాపలాకుక్కను దొంగ తోక పట్టుకుని ఆపుతాడంటారు. రాట్‌వైల్ ఊరి కసాయివాళ్ళ కుక్క బండి లాగేటప్పుడు తోక నలుగుతుందంటారు. వినడానికి అన్నీ సబబుగానే ఉన్నాయి. అయితే కాస్త ఆలోచించి చూడండి. పొదల్లో తిరిగే జర్మన్ పాయింటర్‌కి తోక కోశారు, అదే పని చేసే ఇంగ్లీషు పాయింటర్‌కి కొయ్యలేదు. కాపలాకాసే డాబర్‌మన్‌కి కోశారు, అల్సేషియన్‌కి కొయ్యలేదు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వేల్సు దేశపు కోర్గీలది. పెంబ్రోక్ కోర్గీ, కార్డిగన్ కోర్గీ రెండూ పొరుగు జిల్లాల కుక్కలు. రెండూ పొట్టి కాళ్ళతో ఆవుల మడమలు కొరుకుతూ మందల్ని తోలేవే. 1934 దాకా క్లబ్బువాళ్ళు రెంటినీ ఒకే జాతి కింద లెక్కవేశారు. అందులో ఒకదానికి మొండెం, రెండోదానికి నక్కతోకలాంటి కుచ్చుతోక. ఆవు తొక్కే ప్రమాదమే కారణమైతే కార్డిగన్ ఆవులు అంత మర్యాదస్తులా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. దెబ్బలు తగలడం వట్టి అబద్ధమేమీ కాదు. స్కాట్లండులో వేటకు తీసుకెళ్ళే కుక్కల యజమానులను విచారించి 2014లో ఒక నివేదిక వేశారు. తోక కొయ్యని స్పానియళ్ళలో నూటికి 56 పైచిలుకు ఒక్క వేట సీజనులోనే తోకకు ఏదో ఒక గాయం చేసుకున్నాయట. కాని మామూలు కుక్కల సంగతి వేరు. 2010లో అచ్చయిన మరో పరిశోధనలో బ్రిటన్ పశువైద్యశాలలకు వచ్చిన 1,38,212 కుక్కల రికార్డులు చూస్తే తోక గాయాలు 281 తేలాయి. లెక్కకడితే, ఒక్క కుక్కను తోకదెబ్బనుంచి కాపాడాలంటే సుమారు 500 కుక్కలకు తోకలు కొయ్యాలి. ఇంట్లో ఫ్యాను కింద పడుకునే డాబర్‌మన్‌కి ఏ ముళ్ళపొద అడ్డం వస్తుంది చెప్పండి?

మూడు నాలుగు రోజుల గుడ్డుకు నొప్పి తెలియదని ఒక వాదం ఉండేది. నరాలు ఇంకా ఎదగవు కనక మత్తు కూడా అక్కర్లేదనేవారు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంవారు 1996లో దీన్ని పరీక్షించారు. 50 కూనలకు తోక కోస్తున్నప్పుడు పక్కన కూర్చుని వాటి అరుపులు లెక్కపెట్టారు. అరవని కూన ఒక్కటి లేదు.

ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు క్వీన్స్‌లాండ్ దాకా వెళ్ళనక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. 1974లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఊళ్ళో మా ఆఫీసరుగారి స్పానియల్ అయిదు పిల్లల్ని పెట్టింది. ఒక ఆదివారం పొద్దున్నే కబురు చేస్తే వెళ్ళాను. వెనకవరండాలో ఒక కాంపౌండరు స్పిరిట్ సీసా, కత్తెర పెట్టుకుని కూర్చున్నాడు. కూనల్ని ఒక్కొక్కటే పట్టుకునే పని నాకప్పగించారు. ఇంకా కళ్ళు తెరవని పిల్లలు. నా అరచేతిలో పట్టేవి. “ఏం ఫరవాలేదు, వాటికి తెలీదు,” అన్నాడు కాంపౌండరు. నేనూ సరే అనుకున్నాను. అరుపు వినపడకుండా తల్లిని ముందుగదిలో కట్టేశారు. తెలీకపోతే తల్లిని ఎందుకు కట్టేశారో అని ఆనాడు నాకు తట్టలేదు.

ఆ అయిదింటిలో ఒకదాన్ని ఆఫీసరుగారు నాకే బహుమానంగా ఇచ్చారు. జిమ్మీ అని పేరు పెట్టుకున్నాం. పన్నెండేళ్ళు మాతో ఉంది. నేను ఆఫీసునుంచి రాగానే ఊపడానికి తోకలేక, నడుం దగ్గరనుంచి వెనక భాగమంతా అటూ ఇటూ ఊపేది. ఒక్కోసారి ఆ ఊపుకి తూలి పడిపోయేది కూడా. మేమంతా నవ్వేవాళ్ళం. వచ్చిన చుట్టాలకు చూపించి నవ్వించేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

నొప్పి తెలియదన్న మాటను మనుషుల పిల్లలమీద కూడా చాలాకాలం నమ్మారు. నెలలు నిండని శిశువులకు ఆపరేషను చేస్తూ సరిగా మత్తు ఇవ్వని డాక్టర్లు 1980లలో కూడా ఉన్నారు. మన దేశంలో వైద్యం చదువుకుని ఆక్స్‌ఫర్డు వెళ్ళిన డాక్టర్ ఆనంద్, హికీ అనే మరో డాక్టరుతో కలిసి అది తప్పని 1987 నవంబరులో ఒక వ్యాసం ప్రకటించాడు. సరిగ్గా అదే నెలలో, 13వ తేదీన, యూరపు దేశాలవాళ్ళు స్ట్రాస్‌బర్గ్‌లో పెంపుడు జంతువుల రక్షణ ఒడంబడిక రాసుకున్నారు. అందం కోసం తోక కొయ్యకూడదు, చెవులు కొయ్యకూడదు, గొంతు నరాలు తియ్యకూడదు, గోళ్ళు పీకకూడదు అన్నారు. అయితే సంతకం పెట్టే దేశం తోక విషయంలో మాత్రం ‘మాకు మినహాయింపు కావాలి’ అనుకుంటే అనవచ్చునని ఒక సందు వదిలారు. తోక అంటే అంత పట్టుదల!

ఇంగ్లండులో గుర్రాల తోకలు కొయ్యడం 1949 చట్టంతోనే ఆగిపోయింది. 1877లో వచ్చిన ‘బ్లాక్ బ్యూటీ’ నవలలో తోక పోయిన ముసలి గుర్రం ఈగల్ని తోలుకోలేక పడే బాధ చదివి ఏడవని పిల్లలు లేరు. గుర్రానికి దొరికిన ఆ న్యాయం కుక్కకు దొరకడానికి ఇంకో 58 ఏళ్ళు పట్టింది. 1992లో అక్కడి పశువైద్యుల కాలేజీ, అవసరం లేకుండా తోక కొయ్యడం వృత్తిధర్మం కాదంది. 1993 జులైనుంచి డాక్టరు కానివాడు కత్తి పట్టకూడదన్నారు. 2006 చట్టం 2007లో అమల్లోకి వచ్చేసరికి ఇంగ్లండులో నిజమైన పనికుక్కలకు తప్ప తోక కొయ్యడం నేరమైంది. వాటికైనా 5 రోజుల లోపలే, డాక్టరే చెయ్యాలి, పనికుక్క అని రుజువు చూపించాలి. స్కాట్లండువాళ్ళు మొదట ఎవరికీ లేదన్నారు. ఇందాక చెప్పిన గాయాల నివేదిక చూసి 2017లో స్పానియళ్ళకూ, మరికొన్ని వేటజాతులకూ తోక కొసనున్న మూడోవంతు వరకూ తియ్యనిచ్చారు.

మరి స్టాండర్డు ఏమైంది? అసలు ముచ్చట ఇదీ. అంతకు ముందు కెన్నెల్ క్లబ్బు పత్రాల్లో తోక అన్నచోట ‘వాడుక ప్రకారం కత్తిరిస్తారు’ అని ఉండేది. చట్టం వచ్చాక ఒక్క మాట చేర్చారు. ‘లోగడ, వాడుక ప్రకారం కత్తిరించేవారు’ అని. కింద తోక ఉంటే ఎలా ఉండాలో కూడా రాశారు. ఆ ‘లోగడ’ అన్న ఒక్క మాట సంపాదించడానికి క్లబ్బు పుట్టిన దగ్గరనుంచీ లెక్కేస్తే 134 ఏళ్ళు పట్టింది. ఎన్ని లక్షల తోకలు ఖర్చయ్యాయో ఎవరు లెక్కపెట్టారు?

తోకతో పుడితే మా జాతిని ఎవరూ కొనరు, అంతరించిపోతుందని పెంపకందార్లు భయపడ్డారు. పెంబ్రోక్ కోర్గీలు 2014లో బ్రిటన్‌లో 274 మాత్రమే నమోదయ్యాయి. రాణీ ఎలిజబెత్ చిన్నతనంనుంచీ ముద్దుచేసిన జాతికే ఆ గతి పట్టిందే అని గోలపెట్టారు. తీరాచూస్తే నాలుగేళ్ళలో, రాణీగారి కథతో టీవీలో సీరియల్ వచ్చాక, కోర్గీలకు మళ్ళీ గిరాకీ పెరిగింది. అంటే జనానికి కుక్క కావాలి గాని, తోక ఉందా లేదా అన్న పట్టింపు వాళ్ళకు అంతగా లేదన్నమాట.

కత్తి లేకుండా మొండితోక సంపాదించినాయన కూడా ఒకడున్నాడు. బ్రూస్ కాటనాక్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రజ్ఞుడు బాక్సర్ కుక్కల్ని పెంచేవాడు. కొన్ని కోర్గీలు పుట్టుకతోనే మొండితోకతో పుడతాయని ఆయనకు తెలుసు. 1990లలో ఒక బాక్సర్‌ని కోర్గీతో కలిపాడు. వాటి పిల్లల్ని మళ్ళీ బాక్సర్లతో, వాటి పిల్లల్ని మళ్ళీ బాక్సర్లతో. నాలుగైదు తరాలు తిరిగేసరికి అచ్చంగా బాక్సర్లే, తోక మాత్రం పుట్టుకతోనే పొట్టి. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ జన్యువు తల్లినుంచీ తండ్రినుంచీ రెండువైపులా వస్తే కూన కడుపులోనే పోతుంది. ప్రకృతి కూడా ఆ తోకను ఊరికే ఇవ్వలేదు సుమా!

అమెరికాలో మాత్రం పాత స్టాండర్డే నడుస్తోంది. బాక్సర్‌కి తోక కొయ్యకపోతే పోటీలో మార్కులు గట్టిగా తగ్గించాలని అక్కడి పత్రంలో ఉంది. అక్కడి పశువైద్యుల సంఘం 2008లో ఈ మాటల్ని స్టాండర్డుల్లోంచి తీసెయ్యమని కోరింది. క్లబ్బువాళ్ళు తియ్యలేదు. మన దేశంలో 1960 నాటి జీవహింస నిరోధక చట్టం జంతువు అవయవాన్ని క్రూరంగా తెగ్గొట్టడాన్ని నేరమంది. కొమ్ములు తియ్యడం, విత్తులు కొట్టడం, వాతలు వెయ్యడం, ముక్కుతాడు పొడవడం మాత్రం నిర్ణీత పద్ధతిలో చేస్తే తప్పులేదంది. ఆ మినహాయింపుల్లో కుక్కతోక పేరు నాకు కనపడలేదు. ఈ తగువు కోర్టులదాకా వెళ్ళింది కూడా. మన రాజపాళయం, ముధోల్ కుక్కలకు 2005లో తపాలాబిళ్ళలు వేశారు. వాటికి చక్కటి పొడుగాటి తోకలున్నాయి, ఎవరూ కొయ్యరు. కత్తెర బెడదంతా మనవాళ్ళు ముచ్చటపడి తెచ్చుకునే సీమ కుక్కలకే.

ఇంతకీ తోకవల్ల కుక్కకు ఏం ప్రయోజనమంటారా? 2007లో ఇటలీ శాస్త్రజ్ఞులు 30 కుక్కలమీద ప్రయోగం చేశారు. యజమాని కనపడితే తోక కుడివైపుకు ఎక్కువ ఊగుతుందట. ఎరగని పెద్ద కుక్క కనపడితే ఎడమకు. కెనడాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక బొమ్మకుక్కను చేసి, దానికి ఒకసారి పొడుగు తోక, ఒకసారి మొండితోక తగిలించి, మీటతో ఊపుతూ పార్కులో నిలబెట్టారు. 492 కుక్కలు వచ్చి చూశాయి. పొడుగు తోక ఊగుతుంటే దగ్గరికి వచ్చాయి, ఊగకపోతే జంకాయి. మొండితోక ఊగినా ఊగకపోయినా వాటికి ఏమీ తేడా తెలియలేదు. తోక అంటే కుక్కకు మాటన్నమాట. అది లేకపోతే అది మాట్లాడుతున్నా ఎదటిదానికి వినపడదు. జిమ్మీ నడుమంతా ఊపి ఊపి ఎందుకు తూలిపడేదో నాకు ఇన్నేళ్ళకు అర్థమయింది.

నెల్లాళ్ళ తరవాత మా మేనల్లుడి ఇంటికి వెళ్ళి తీర్పు చెప్పాను. “ఒరే, నీ స్నేహితుడు చెప్పిన స్టాండర్డు ఆ కుక్క పుట్టింట్లోనే చెల్లడం లేదు. జర్మనీలో 1998నుంచీ తోక కొయ్యడం నేరం. యూరపు సమాఖ్య పత్రంలో డాబర్‌మన్ తోకను సహజంగా వదిలెయ్యాలని ఇప్పుడు రాసి ఉంది. స్టాండర్డు ప్రకారం నడవాలంటే కొయ్యకూడదు,” అన్నాను.

మావాడు “అంతేనా మావయ్యా?” అన్నాడు. అంతే కాదు గాని, జిమ్మీ సంగతి నోట్లోకి వచ్చి ఆగిపోయింది. అక్కడ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఆ పిల్లది తోకను వదిలి లేచింది. కుక్క వచ్చి నా ఎదట నిలబడి తోక ఊపింది. కుడివైపుకో ఎడమవైపుకో చూద్దామని వంగేలోపల టీపాయి మీద నా కాఫీ గ్లాసు కిందపడింది. మా చెల్లెలు ఏమీ అనలేదు. గుడ్డ తెచ్చి తుడిచి, టీపాయిని తీసి గోడవారగా పెట్టింది.